హారన్ ఒక్కడే కదల్లేదు

కుర్చీల వర్క్‌షాప్, కిటికీ పక్క బల్ల నుంచి

అక్కకు,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో ఇక నా మాట నమ్మనన్నావు కదా, అందుకని కాగితం మీద రాసి కింద సంతకం పెడుతున్నాను. నీళ్ళ ఆఫీసు గుమాస్తా గొంతుతో ఫోన్ చేసి, రేపట్నుంచి మీ వీధి కుళాయిల్లో వేణ్ణీళ్ళు వస్తాయని ఒక్క మాట అన్నందుకు ఇంత శిక్షా? బకెట్లన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్నది బావగారు. నేను పెట్టమనలేదు.

అసలు సంగతికి వస్తాను. మా మేస్త్రి మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాడు. వర్క్‌షాప్ ఇప్పుడు యజమాని కూతురు చూస్తోంది. మేం చిన్న మేడం అంటాం. నాటకాల హాలు కుర్చీలన్నీ విప్పి, బాగుచేసి, కొత్త మఖమల్ తొడిగి ఇచ్చే పని ఒప్పుకుంది. హాలు మళ్ళీ తెరిచే రోజు ఖాయమైపోయింది. ఆ రోజుకి మేం ఇవ్వకపోతే జనం నిలబడి నాటకం చూడాలి. ఈ పని అయ్యేదాకా మేస్త్రిగా ఉండమని నన్ను అడిగింది. కుదిరితే ఉంచుతుంది. కుదరకపోతే వాళ్ళ పిన్ని కొడుకు వస్తాడు. అతగాడు టై కట్టుకుని మేకు కొట్టే రకం.

ఆ మాట ఆమె అందరి ముందూ చెప్పినప్పుడు ఏం జరిగిందో తెలుసా? నవ్వారు. నేను ఆమె చేత వేయిస్తున్న వేషం అనుకున్నారు. స్ప్రింగు మామ అని మాలో పెద్దాయన నవ్వీ నవ్వీ పళ్ళసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. కానీ అక్కా, నాకీ పని కావాలి. ఇన్నేళ్ళుగా వీళ్ళని నవ్విస్తున్నాను. ఒక్కసారి నేనో మాట చెబితే, "ఇందులో మెలికేంటి" అని అడక్కుండా వెళ్ళి ఆ పని చేసుకుంటే చూడాలని ఉంది.

చిక్కల్లా ఒక్కటే. ఎవరు, ఏ పని, ఎప్పుడు అన్నది కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ వేసి, శనివారం శనివారం ప్రింటు తీసి గోడకి అంటించాలట. లెక్కల మాస్టారి కుర్చీకి జిగురు రాసినప్పటి నుంచీ బడికీ నాకూ చెడిందని నీకు తెలుసు. నువ్వు ఆసుపత్రిలో అంతమంది నర్సులకి డ్యూటీ చార్టు వేస్తావు. నాకు నేర్పు. ఎగతాళి చేస్తే చెయ్యి గానీ, నేర్పు.

నీ తమ్ముడు
(సంతకం అసలుదే. వెలుతురులో పెట్టి చూసుకో.)


ఆసుపత్రి క్వార్టర్స్, మెట్ల పక్క వాటా

ఒరేయ్ తమ్ముడూ,

బావగారు ఇప్పటికీ కుళాయి తిప్పే ముందు వేలు పెట్టి చూస్తున్నారు. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

షీటు అంటే బ్రహ్మవిద్య కాదు. గళ్ళ కాగితం. కొట్టివేతలు కనపడవు, అదొక్కటే తేడా. ఎడమ పక్క మొదటి నిలువు వరసలో పని రాయి. దాని పక్కన ఎవరు చేస్తారో రాయి. ఆ పక్కన ఎప్పుడు మొదలు, ఆ పక్కన ఎప్పటికి పూర్తి. ఒక్కో పనికి ఒక్కో అడ్డ వరస. ముందు ఏది అయితే తర్వాతది మొదలుపెట్టగలరో ఆ క్రమంలో పై నుంచి కిందికి రాసుకుంటూ రా. ఒక గడిలో రెండు సంగతులు కుక్కకు, సంచీ కాదది.

వారంలో ఒక పూట ఎవరికీ పని వెయ్యకుండా వదిలెయ్. ఎందుకని అడిగితే జలుబు కోసం అని చెప్పు. మనుషులన్నాక జలుబు చేస్తుంది. జలుబుకి చోటు పెట్టని చార్టు మంగళవారానికే చిరిగిపోతుంది. ఇది ఎన్నో ఏళ్ళుగా తిట్లు తిని నేర్చుకున్నది, నీకు ఊరికే ఇస్తున్నాను.

రంగులు మూడు చాలు. నీ సంగతి తెలుసు, వదిలేస్తే రంగులరాట్నం చేస్తావు. గడుల్లో జోకులు రాయకు. చేసిన పని దాచమని ఒక బొత్తాం ఉంటుంది, మాటిమాటికీ నొక్కు.

నీకు మేస్త్రి పని ఎందుకిచ్చిందని నేను అడగను. ఆ అమ్మాయికి ఏదో కనపడే ఉంటుంది. కళ్ళజోడు ఉందా ఆమెకి?

మరదల్ని అడిగానని చెప్పు. నీతో కాపురం చేస్తున్నందుకు పతకం చేయించి పంపుతాను.

అక్క


కుర్చీల వర్క్‌షాప్, ఈసారి ఆఫీసు గది నుంచి

మహారాజశ్రీ హెడ్ నర్సు గారికి,

గదిలో ఫ్యాను కూడా ఉంది. మేస్త్రి అంటే ఏమనుకున్నావు?

షీటు వేశాను. మొదటిరోజు మౌసు బల్ల చివరిదాకా జరిపి, ఇంకా జరపాలంటే ఏం చెయ్యాలో తెలియక బల్లనే జరిపాను. చిన్న మేడం చూసి బయటికి వెళ్ళి దగ్గింది.

పేర్లు ఎలా రాశానో చెబితే నీకూ మావాళ్ళు తెలుస్తారు. విరిగిన చట్రాలు బాగుచేసే వడ్రంగి పేరు తుమ్ము. రంపపు పొడి పీల్చి రోజంతా తుమ్ముతాడు. తర్వాత స్ప్రింగులు బిగించేది స్ప్రింగు మామ, మొదటి ఉత్తరంలో రాసిన పళ్ళసెట్టు మనిషి. ఆ తర్వాత ఫోమ్ అంటించేవాడు జిగురు. డబ్బాలో జిగురైనా ఎండుతుంది గానీ వీడు కబుర్లు మొదలెడితే మనిషిని వదలడు. ఆ కింద మఖమల్ కత్తిరించేది కత్తెర. ఆవిడ చేతిలోదీ నోట్లోదీ రెండూ పదునే. దాన్ని కుట్టి తొడిగేది నేను, కాబట్టి "నేను" అని రాశాను. అన్నిటి కిందా, తయారైనవి హాలుకి చేర్చే వ్యాను డ్రైవరు, హారన్.

శనివారం గోడకి అంటించాను. ఏం చేశారనుకున్నావు? తుమ్ము కాగితం ఎత్తి వెనక ఏముందో చూశాడు. జిగురు దాన్ని వాసన చూశాడు. కత్తెర దూరంగా నిలబడి, "ముట్టుకుంటే షాక్ కొడుతుందేమో, ముందు మామని ముట్టుకోమనండి, ఆయన పెద్దవాడు" అంది. సోమవారం పొద్దున ఎవరి ఇష్టం వచ్చిన పని వాళ్ళు చేసుకున్నారు. నా చార్టు గోడ మీద బల్లిలా ఉంది.

చివరికి చిన్న మేడం అందర్నీ పిలిచి, "గోడ మీద ఏముంటే అదే పని. ఎందుకు, ఏమిటి అని నన్నూ అడగొద్దు, ఆయన్నీ అడగొద్దు" అని గట్టిగా చెప్పింది. అప్పట్నుంచి నడుస్తోంది. జలుబు పూట కూడా పెట్టాను. నిజంగానే తుమ్ముకి జలుబు చేసింది. ఎవరూ నమ్మలేదు, వాడు ఎప్పుడూ అంతే కదా అని.

ఇప్పుడొక కొత్త తలనొప్పి. కత్తెరకి తన పేరు నాలుగో వరసలో ఉందని కోపం.

"తుమ్ము మొదటివాడూ నేను నాలుగోదాన్నా? వాడికంటే ముందు చేరాను ఇక్కడ."

"పని వరస అమ్మా అది. చెక్క లేకుండా గుడ్డ దేనికి తొడుగుతావు?"

"తొడగడం సంగతి తర్వాత. గోడ మీద చదివేవాళ్ళు పైనుంచే కదా చదివేది."

దీనికి మీ ఆసుపత్రిలో మందు ఉందా?

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్స్

ఒరేయ్,

ఉంది. మా దగ్గరా ఇదే గోల. అందరికంటే పెద్దదాన్ని, నా పేరు కిందకెళ్ళిందని ఒకావిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచి పేర్లు అక్షరాల వరసలో పెట్టేస్తున్నాను. అచ్చుల వాళ్ళు ముందు, హల్లుల వాళ్ళు తర్వాత. ఇంకెవరూ నోరెత్తరు, ఎత్తితే పేరు పెట్టినవాళ్ళ మీద ఎత్తాలి. నువ్వు చేత్తో మార్చనక్కర్లేదు. సార్ట్ అని ఉంటుంది, నొక్కు, అదే సర్దుతుంది.

గోడ మీద బల్లి అన్న మాట డ్యూటీ గదిలో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. ఒకామె మాత్రం, "మీ తమ్ముడు బాగా కష్టపడుతున్నట్టున్నాడే" అంది. నిన్ను ఎరగదు, అందుకని.

వాన పట్టుకుంది, బట్టలు ఆరడం లేదు. ఉంటాను.

అక్క


కుర్చీల వర్క్‌షాప్, మళ్ళీ కిటికీ పక్క బల్ల నుంచి

అక్కకు,

ఇలాంటి వేషం నేను జన్మలో వెయ్యలేదు. కడుపు పట్టుకుని చదువు.

పోయిన శనివారం చార్టులో అందరి పనులూ తారుమారు చేసి అంటించాను. ఊరికే, సరదాకి. ప్రశ్నలు అడగొద్దని మేడమే చెప్పింది కదా, ఇక వాళ్ళకి నోరేదీ? సోమవారం పొద్దున నేను హారన్‌తో కలిసి వ్యానులో హాలుకి వెళ్ళాను, కొలతలు చూడటానికి. మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా.

స్ప్రింగు మామ కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు, లేవలేకపోతున్నాడు. మఖమల్‌తోపాటు తన ప్యాంటు కూడా కలిపి కుట్టేసుకున్నాడు. తుమ్ము ఫోమ్‌కి జిగురు రాస్తూ తుమ్మాడట, మీసం అంటుకుపోయింది. వాడు అటు లాగుతున్నాడు, ఫోమ్ ఇటు లాగుతోంది. జిగురు స్ప్రింగు ఒకటి నొక్కి వదిలితే అది ఎగిరి మేడం గది కిటికీలోంచి లోపలికి వెళ్ళి టీ గ్లాసులో పడింది. కత్తెర సుత్తి పట్టుకుని వడ్రంగి బల్ల మీద మహారాణిలా ఉంది. "నువ్వు రాసిందే చేశాం మేస్త్రీ, ఒక్క ప్రశ్న అడగలేదు" అంది. ఆ ముఖంలో ఆనందం చూడాలి. నేను ఇన్నేళ్ళూ పెట్టిన తిప్పలన్నిటికీ వడ్డీతో బదులు తీర్చుకున్నారు.

కత్తెర మాత్రం కొంచెం ఎక్కువ చేసింది. బాగుచేయాల్సిన గుట్టలో కుర్చీలన్నిటికీ చేతులు ఊడబీకేసింది. ఆ పాత కుర్చీల్లో దేని చెయ్యి దానికే పడుతుంది, పక్కదానికి పట్టదు. తుమ్ము అయితే ఊడదీసే ముందు అడుగున సుద్దతో గుర్తు పెట్టుకుంటాడు. ఆవిడకా సంగతి ఏం తెలుసు? ఇప్పుడు చేతులన్నీ ఒక మూల కుప్పగా ఉన్నాయి. చూస్తే కట్టెల అడితి అనుకుంటావు.

మేడం నవ్వలేదు. ఆవిడకి హాస్యం తక్కువ.

ఆ చార్టు ఒకటి ఇందులో పెట్టి పంపుతున్నాను, బావగారికి చూపించు.

నీ తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్స్

తమ్ముడూ,

బావగారు చూసి బాగా నవ్వారు. నేను మాత్రం ఆ కాగితం రెండుసార్లు చూశాను.

ఇది నీ వేషం కాదు.

చట్రాలకి కత్తెర. స్ప్రింగులకి జిగురు. ఫోమ్‌కి తుమ్ము. గుడ్డ కత్తిరించడానికి నువ్వు. కుట్టడానికి స్ప్రింగు మామ. వ్యానుకి హారన్. క, జ, త, న, స, హ. పేర్లు బళ్ళో పిల్లల్లా వరసలో నిలబడ్డాయి. పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క పేర్ల వరసనే పట్టుకుని సార్ట్ నొక్కావు. పక్క వరసల్ని కూడా కలిపి జరపనా అని అది నిన్ను అడిగే ఉంటుంది. నువ్వు చదవకుండా ఏదో ఒకటి నొక్కి ఉంటావు.

ఇంకొకటి. హారన్ ఒక్కడే కదల్లేదు. హ ఆఖరున ఉంది కాబట్టి వాడు వ్యానులోనే మిగిలాడు. నువ్వే కావాలని తారుమారు చేసి ఉంటే మొట్టమొదట హారన్‌ని మిషను ముందు కూర్చోబెట్టి, స్టీరింగు స్ప్రింగు మామ చేతికి ఇచ్చేవాడివి. అంత రుచి తెలియనివాడివి కాదు నువ్వు.

నిజం రాయి.

అక్క


వర్క్‌షాప్ నుంచి

అక్కకు,

అవును.

ఇంగ్లీషులో ఏదో అడిగింది. కింద రెండు బొత్తాలు ఉన్నాయి. ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాను. కత్తెర పేరు పైకొచ్చింది, అంతే చూశాను. ప్రింటు తీసి అంటించి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం వచ్చి ఆ తిరనాళ్ళు చూసినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. గోడ దగ్గరికి వెళ్ళి చదివాక అర్థమైంది. ఈలోగా కత్తెరే అంది, "అమ్మో, ఎంత పెద్ద వేషం వేశావయ్యా" అని. అందరూ అదే అనుకున్నారు. మేడం కూడా అదే అనుకుంది. నేను నోరు తెరిచేలోపే నాకు బిరుదు ఇచ్చేశారు, నేను దండం పెట్టి పుచ్చుకున్నాను.

ఇప్పుడు మింగలేను, కక్కలేను. మేడం నాతో మాట్లాడటం మానేసింది. వచ్చే సోమవారం ఆ టై బాబు వస్తున్నాడు, పని అతనికి అప్పజెప్పమంది. గోడ మీద కొత్త చార్టు పెడితే ఎవరూ దాని వంక చూడటం లేదు. చేతుల కుప్ప మూలనే ఉంది. తుమ్ము రోజుకి కాసిని జత చేస్తున్నాడు. ఆ లెక్కన హాలు తెరిచే రోజుకి సగం కుర్చీలకి చేతులుండవు.

నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు, నిజం చెప్పెయ్ అంటావు. చెప్పను. తుంటరి అంటే పడతాను, పోకిరి అంటే పడతాను. ఆ కంప్యూటరు అడిగింది చదవలేకపోయాడు పాపం అంటే పడలేను. ఎనిమిదితో బడి మానేసినవాడు అన్న మాట కత్తెర నోట రానివ్వకూడదనే కదా ఇన్నేళ్ళూ ముందు నేనే అందర్నీ నవ్విస్తూ బతికాను.

నన్ను వదిలెయ్. మేస్త్రి కాకపోతే మిషను ఉంది.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్స్

ఒరేయ్ చిన్నోడా,

నీకు చెప్పకూడదనుకున్న సంగతి ఒకటి చెబుతున్నాను.

నీ మొదటి ఉత్తరం రాకముందే మీ చిన్న మేడం నాకు ఫోన్ చేసింది. నువ్వు చేరినప్పుడు కాగితంలో ఇంటివాళ్ళ నంబరు అన్న చోట నాది రాశావట. ముందు నువ్వే గొంతు మార్చి చేస్తున్నావనుకుని, "నాటకాలు కట్టిపెట్టరా కోతీ" అన్నాను. పాపం ఆ అమ్మాయి రెండోసారి చేసి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుంది. "అందరూ ఆయన్ని నమ్మొద్దంటున్నారు. పని చూస్తే ఆయనే సరైనవాడు అనిపిస్తోంది. మీరేమంటారు?" అని అడిగింది.

నేనన్నాను, "వాడు నోటితో వంద అబద్ధాలు ఆడతాడు. చేతితో ఒక్కటీ ఆడడు. వాడు కుట్టిన కుట్టు ఎక్కడైనా ఊడిందా చూడండి."

ఆ మాట మీద నీకు ఆ పని ఇచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి ఏమనుకుంటోంది? పని చేతిలో పెట్టుకుని ఆటలాడాడు అనుకుంటోంది. అంటే నేను చెప్పింది తప్పు. నువ్వు తెలివితక్కువవాడివి అయితే నాకు కొత్తేమీ కాదు, నేనే మోసి పెంచాను. కానీ నా మాట తప్పు కావడం నాకిష్టం లేదు.

సార్ట్ నొక్కమన్నది నేను. అన్ని వరసలూ కలిపి పట్టుకుని నొక్కు అని రాయడం మరిచాను. సగం తప్పు నా పేరు మీద వేసుకో. వార్డులో మొదటిసారి ఇదే చేసి, ఆపరేషన్ గదికి వంటమనిషిని పంపాను. ఆవిడ మాస్కు కట్టుకుని మరీ వెళ్ళింది. ఇది బావగారికి కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

సోమవారం లోపల ఈ ఉత్తరం అందాలని ఎక్కువ స్టాంపులు అంటించాను.

అక్క


వర్క్‌షాప్, ఆఫీసు గది, ఫ్యాను కింద

అక్కకు,

అందింది. శనివారం అందింది. వంటమనిషి దగ్గర ఆగి చాలాసేపు నవ్వుకున్నాను. మిగతాది చదివాక నవ్వు రాలేదు.

సోమవారం టై బాబు వచ్చాడు. మేడం అందర్నీ పిలిచింది. ఆవిడ మాట మొదలెట్టేలోపు నేనే ముందుకొచ్చి చెప్పాను. "మొన్నటి చార్టు వేళాకోళం కాదు. నాకు తెలియక చేసిన తప్పు. వేళాకోళం అని మీరనుకుంటే ఊరుకున్నాను."

కత్తెర చప్పట్లు కొట్టింది.

"ఈసారి బ్రహ్మాండంగా వేశావయ్యా. కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు చూడండి."

జిగురు నా వెనక్కి వెళ్ళి, నవ్వు ఆపుకుంటున్న వాళ్ళెవరైనా దాక్కున్నారేమోనని బీరువా తెరిచి చూశాడు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మారక్కా, నిజం చెబితే బీరువా వెతికారు.

ఇక మాటలతో పని కాదని అందర్నీ ఆఫీసు గదిలోకి రమ్మన్నాను. కంప్యూటరు ముందు కూర్చుని పాత చార్టు తెరిచాను. పేర్ల వరస పట్టుకున్నాను, సార్ట్ నొక్కాను. అది ఇంగ్లీషులో అడిగింది. ఆ రోజు నొక్కిందే నొక్కాను. పేర్లు గబగబా జరిగాయి, పనులు కదల్లేదు.

"మళ్ళీ చెయ్యి," అంది కత్తెర.

వెనక్కి తిప్పి మళ్ళీ చేశాను. తన పేరు నాలుగో గడిలోంచి మొదటి గడిలోకి ఎగరడం ఆవిడ వేలు పెట్టి చూసుకుంది.

తుమ్ము అడిగాడు, "అంటే నీకు నిజంగా తెలియదా?"

"తెలియదు."

"అదేం అడిగిందో కూడా?"

"కూడా."

అప్పుడు నవ్వారు. నేను ఎన్ని వేషాలు వేసినా అంత నవ్వు ఎప్పుడూ రాలేదు. మామ మళ్ళీ పళ్ళు జేబులో పెట్టుకున్నాడు. హారన్ మాత్రం, "అయితే నా పేరు గంట అయ్యుంటే స్ప్రింగు ఎగరేసేవాణ్ణి నేనేనా" అని దిగులుపడ్డాడు, సరదా తప్పిపోయిందని. ఆ నవ్వు నా మీదే. అయినా నేననుకున్నంత నొప్పి లేదు. పన్ను పీకించుకున్నట్టుంది, పీకేదాకానే భయం.

నవ్వు తగ్గాక కత్తెర అంది, "చదవలేకపోయావు, సరే. ఈ చార్టులో నా పనికి రెండు రోజులు వేశావు. ఎంత పడుతుందో నన్నెప్పుడైనా అడిగావా?"

అడగలేదక్కా. ఎవర్నీ అడగలేదు. నా అంతట నేనే వేసేశాను.

"ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు."

అంతే, అందరూ ఒకేసారి మొదలెట్టారు. నా కుర్చీ వెనక సంతలా చేరి, ఆ గడి ఇటు జరుపు, ఈ గడి అటు జరుపు. మామ అన్నాడు, "చేతులు ముందే బిగించాలని ఎవడు చెప్పాడు? ఆఖర్న బిగిస్తే కుర్చీ ఏమైనా అలుగుతుందా? చేతుల్లేకపోతే స్ప్రింగులు బిగించడం నాకింకా సుఖం." నాకూ సుఖమే, మూలలు కుట్టేటప్పుడు చెయ్యి అడ్డురాదు. ఎప్పట్నుంచో చేతులు మొదట బిగిస్తున్నాం కాబట్టి అలాగే రాశాను, ఎందుకో ఆలోచించలేదు. చట్రాల కింద చేతులకని ఒక వరస వేసి, దాన్ని పట్టుకుని కిందికి లాగాను. హారన్ వరసకి సరిగ్గా పైన దిగింది. అన్ని గడులూ కలిపి పట్టుకునే లాగాను, నీ మీద ఒట్టు.

చేతుల కుప్పకి ఎవరి పేరు రాయాలి అని అడిగాను. కత్తెర నన్ను పక్కకి నెట్టి తన వేలితో టైపు చేసింది. "అందరూ" అని.

మేడం అంతసేపూ గుమ్మంలో నిలబడే ఉంది. టై బాబుతో, "నువ్వు టీ తాగి వెళ్ళు" అంది.

ఇప్పుడు ఎవరి పని అయితే వాళ్ళు కుప్ప దగ్గర చేరి, ఒకరు చెయ్యి పట్టుకుని, ఒకరు కుర్చీ పట్టుకుని, చెప్పుకి జోడు వెతికినట్టు వెతుకుతున్నారు. కుదిరినప్పుడల్లా జిగురు కేక పెడతాడు. వాడి కేకలకి పక్క వీధి కుక్కలు అలవాటుపడ్డాయి.

తమ్ముడు


ఆసుపత్రి క్వార్టర్స్

ఒరేయ్ మేస్త్రీ,

మీ మేడం మళ్ళీ ఫోన్ చేసిందా అని అడక్కు. చేసింది. ఏమందో చెప్పను. నీకు ముందే తల కొంచెం పెద్దది, టోపీలు దొరకవు.

"ఎంత పడుతుందో నన్నడిగావా" అన్న కత్తెర మాట కాగితం మీద రాసి నా బల్ల ముందు అంటించుకున్నాను. ఈ నెల చార్టు వేసే ముందు మా నర్సు పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాను. ఒకామె కూర్చుని ఏడ్చింది. మూడేళ్ళుగా ఆదివారం డ్యూటీ వేస్తున్నానట, అడిగితే ఏమంటానోనని ఊరుకుందట. మార్చాను.

కుర్చీలు ఎక్కడిదాకా వచ్చాయో రాయి. బావగారు రోజూ అడుగుతున్నారు. కుళాయి సంగతి మానేసి నీ సంగతి పట్టుకున్నారు.

అక్క


ఇంటి నుంచి, వంటగది బల్ల మీద

అక్కకు,

ఇచ్చేశాం. ముందురోజు సాయంత్రానికి ఆఖరి వ్యాను వెళ్ళింది. హారన్ ఆ రోజు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు, కుర్చీలు ఉలిక్కిపడతాయన్నట్టు.

హాలు తెరిచినప్పుడు మమ్మల్ని కూడా పిలిచారు. నాటకం ఏమిటో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. మేమంతా ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని వాటి చేతులు ఊపి చూసుకుంటున్నాం, వదులుగా ఉన్నాయా అని. వెనక వరస ఆయన, "కాస్త కదలకుండా కూర్చుంటారా" అన్నాడు. "కదలకుండా కూర్చుంటే ఎలా తెలుస్తుందండీ" అంది కత్తెర.

మర్నాడు కొత్త షీటు వేశాను. అందులో ఒకటే వరస. పని అన్న చోట "సెలవు". ఎవరు అన్న చోట "అందరూ". గురువారం. ప్రింటు తీసి గోడకి అంటించి, పక్కన నిలబడ్డాను. తుమ్ము వచ్చి చదివి వెళ్ళిపోయాడు. మామ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. జిగురు చదివి మరొకరికి చెప్పడానికి పోయాడు. కాగితం ఎవరూ ఎత్తి చూడలేదు. నిజమేనా అని ఒక్కరూ అడగలేదు. మేడం ఇంటికెళ్తూ, "గురువారం నేనూ రానక్కర్లేదా మేస్త్రిగారూ" అని మాత్రం అడిగింది. అక్కర్లేదన్నాను.

ఇవాళ గురువారం. పొద్దున్నే లేచి తయారవుతుంటే నీ మరదలు, "సెలవు పెట్టింది మీరే కదా, ఎక్కడికి" అంది. గాలికి వెళ్ళొస్తానన్నాను. తిన్నగా వర్క్‌షాప్‌కి వెళ్ళాను. ఎవరో ఒకరు వస్తారులే, వీడి మాట మీద ఇంట్లో కూర్చుంటే ఎలా అని, అనుమానం తీరక ఒక్కరైనా వచ్చి తలుపు తట్టి చూస్తారులే అనుకున్నాను. తాళం వేసి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. లోపలికి వెళ్ళలేదు, మెట్టు మీద కూర్చున్నాను.

ఎండ మెట్టు దాకా వచ్చింది. ఒక్కరూ రాలేదక్కా.

నీ తమ్ముడు